ఖాళీ గొట్టంలో పసుపు గీత

మొన్న మా బావి నీళ్ళు పరీక్ష చేయించుకుందామని నెల్లూరు లాబొరేటరీకి వెళితే, అక్కడి అమ్మాయి ప్లాస్టిక్ గొట్టాన్ని ఒక్కసారి వాడి బుట్టలో పారేసింది. నా వయసువాళ్ళెవరున్నా ఉలిక్కిపడేవారు. మాకు గాజు గొట్టమంటే ప్రాణంతో సమానం.

అరవైల మొదట్లో జువ్వలదిన్నె దగ్గర ఒక పెంకుటింట్లో మా లాబొరేటరీ ఉండేది. సముద్రం ఒడ్డున దొరికే నల్ల ఇసుకలో ఏ లోహం ఎంతుందో తేల్చడం మా పని. నూనెలాంటి ద్రావకంతో తడిపిన తెల్లపొడిని గాజు గొట్టంలో కూరి, ఆమ్లంలో కరిగించిన ఇసుకను పైనుంచి పోస్తే, ఇనుము ఆ నూనెను పట్టుకుని పైనే పసుపు గీతలా ఆగిపోయేది, మిగతావి కిందికి జారిపోయేవి. అది చూస్తూ నేను అన్నం సంగతే మరిచిపోయేవాణ్ణి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఏమీ కలపని ఉత్త ఆమ్లం పోసినా ఆ గీత కనిపించసాగింది. మా ఆఫీసరు గారు అసలే అనుమానం మనిషి. ఇసుకలో ఇనుము ఎక్కువుందని చూపించి కాంట్రాక్టు కొట్టేయడానికి ఎవరో నా చేత ఇనుము కలిపిస్తున్నారని తీర్మానించి, ఆమ్లం సీసాలకు తాళంవేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. గీత పోకపోతే ఇంటికి పొమ్మన్నారు. నాకేమో తోటి ఉద్యోగి మీద అనుమానం, అతనికి నా మీద. ఒకే గదిలో ఉంటూ ఒకరు కాచిన టీ ఇంకొకరం తాగడం మానేశాం.

అతణ్ణి పట్టుకుందామని ఒక పొద్దున ముందుగా వెళ్ళాను. పెరట్లో మా గాజు సామాను కడిగే అక్క, పుల్లకు చుట్టిన కొబ్బరిపీచుకు అదే నల్ల ఇసుక అద్ది గొట్టాల లోపల తోముతోంది! ఆ ఊళ్ళో ఇత్తడి సామానంతా అలాగే తోముకునేవారు. గొట్టం మూతి దగ్గర ఇరుక్కున్న రేణువులే ఆమ్లంలో కరిగి మా కొంప ముంచుతున్నాయి.

"ఉత్త నీళ్ళకి మురికి పోతాదా సార్? మా దేవుడి చెంబు గూడా దీంతోనే తోముతాను" అంది సంబరంగా.

ఇసుక తగలని కొత్త గొట్టంలో ఉత్త ఆమ్లం పోసి చూపిస్తే గీత రాలేదు. నా ఉద్యోగం నిలిచింది. కానీ ఆఫీసరు గారు, చెప్పని పని ఆమె ఎందుకు చేసింది, ఎవరు చేయించారని పట్టుకున్నారు. ఎవరూ చేయించలేదని నేనెంత మొత్తుకున్నా నమ్మక, మధ్యాహ్నానికల్లా ఆమెను పని మాన్పించారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ రోజుల్లో అడగకుండానే ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు ఎందరో ఉండేవారు. ఇప్పుడు అరుదు. ఎప్పుడైనా ఒకరు తారసపడి చెప్పని మంచి చేస్తే, కృతజ్ఞత కంటే ముందు నా నోట వచ్చే మాట, ఎవరు పంపారు నిన్ను అని.