జైనబీ పెట్టిన గడ్డి

తుమ్మి ఆకు తుంచితే వేళ్లకు పట్టే వాసన ఒక పట్టాన వదలదు. సబ్బుతో కడుక్కున్నా సరే, ముఖం మీదికి చేయి పోయినప్పుడల్లా చేదుగా పలకరిస్తూనే ఉంటుంది. మొన్న తాండూరు అంగట్లో కొన్న తుమ్మికూరను గడపలో కూర్చుని ఒలుస్తుంటే, వికారాబాదు నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకావిడ చూసి నవ్వింది. "ఇంక తింటున్నవా ఇది? కరువుల జొన్నలు డబ్బాల దాసుకొని, హిస్సేదార్లందరికి గడ్డి పెట్టింది గద ఆ జైనబీ" అంది. గడ్డి పెట్టిన ఆ రోజు ఆవిడ అక్కడ లేదు. ఉన్నవాళ్లు కూడా ఇదే కథ చెబుతారు కాబట్టి ఆవిడను ఒక్కదాన్నే అని లాభం లేదు. వికారాబాదులో ఒక తరం వాళ్లకు జైనబీ అంటే ఇదే కథ. నేను ఒప్పుకోను. గడ్డి పెట్టిందన్న మాట నిజం. దాచుకుందన్న మాట అబద్ధం. ఆ రోజు విస్తళ్లలో వడ్డించింది నేను.

జైనబీని చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. మోమిన్‌పేట దారిలో, వికారాబాదు దాటిన తర్వాత, రోడ్డుకు ఎడమపక్కన ఆమె చెలక ఉండేది. భర్త పోయాక మరిది వచ్చి, "భూమి నాకిడువు వదినా, హైబ్రీడు జొన్న ఏస్త, మందు బస్తాలు దెస్త" అన్నాడట. ఆమె ఇవ్వలేదు. షావుకారు దగ్గరికి పోయి పంట రాకముందే పంటను రాసిచ్చే పని కూడా చేయలేదు. ఊళ్లోకి వచ్చి, తన కూరగాయలు కొనే ఇళ్ల తలుపులు తట్టింది. వానలకు ముందు ఎవరికి చేతనైంది వాళ్లు ఇవ్వాలి. ఎడ్లకు తవుడో, చేనుకు పల్లీల చెక్కో, తనకు తిండిగింజలో. ఆ తర్వాత ఏడాది పొడుగునా చేనులో ఏది వస్తే అది వారానికొకసారి అందరికీ సమానంగా పంచుతుంది. దానికి ఆమె పెట్టిన పేరు హిస్సా. చేరిన వాళ్లు హిస్సేదార్లు. వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్న మా నాయిన చేరాడు, పోస్టుమాస్టరు చేరాడు, రైల్వే క్వార్టర్ల వాళ్లు కొందరు చేరారు. చేరేటప్పుడు ఆమె ఒక్కటే మాట అడిగింది. "పండిన నాడు మీరు ఎట్లయినా వస్తరు. ఎండిన నాడు గూడ వస్తరా?" వస్తామనే అన్నారు అందరూ. మా నాయినైతే కోర్టులో సాక్షి చెప్పినట్టు, చేయెత్తి మరీ చెప్పాడు.

తెలంగాణ కావాలని కాలేజీలు మూతబడ్డ ఏడాది నేను హైదరాబాదు నుంచి ఇంటికొచ్చి, చేసే పని లేక అందరితో జగడం పెట్టుకుంటున్నాను. నా పోరు పడలేక మా అమ్మ నా చేతికి సంచీ ఇచ్చి, ఇకనుంచి హిస్సా నువ్వే తేవాలంది. మొదటిరోజు ఇచ్చిన వంకాయల్లో సగం పుచ్చులు. చేను గట్టు మీదే సంచీ కుమ్మరించి అడిగాను, పురుగు పట్టినవి ఎందుకు ఇస్తున్నావని.

"పురుగు తిన్నది. సచ్చిందా?" అంది ఆమె, తల కూడా ఎత్తకుండా.

"లేదు."

"దానికి నచ్చింది. నీకేమైంది?"

"నేను పురుగును కాదు కదా."

అప్పుడు తలెత్తి చూసింది. పొడుగాటి మనిషి, ఎండకు కమిలిన ముఖం, ముక్కున చిన్న పుడక, నోట్లో ఎప్పుడూ వక్కముక్క. "మాట మంచిగనే తిప్పుతవ్ వకీలమ్మా. మీ నాయినకు నౌకరీ ఉంది గని నోరు లేదు, నీకు నోరుంది గని నౌకరీ లేదు. రేపు పొద్దున్నే రా, కలుపుల ఏది తీయాలె, ఏది ఉంచాలె చూపిస్త. నోటితోని కలుపు పోదు గద" అంది. నేను రోషంతో పోయాను. ఆ పోవడం చాలా ఏళ్లు సాగింది. ఆమె నన్ను వకీలమ్మా అంటే, నేను ఆపా అనేదాన్ని. చేనులో మేమిద్దరం ఒక్కరోజు కూడా ఒకరి మాటకు ఒకరం తల ఊపలేదు. నాతో ఓపిగ్గా వాదించిన మొదటి మనిషి ఆమె. ఇంట్లో నేను నోరు తెరిస్తే "ఆడపిల్లవు" అనేవాళ్లు. ఆమె "అయితే చెప్పు, ఎందుకు?" అనేది. ఎందుకో చెప్పలేకపోతే మాత్రం మట్టిపెళ్ల నా మీదికి విసిరేది.

ఆమెకు తన పండుగలు వేరుగా ఉండేవి. వానలు మొదలయ్యే మిరుగు కార్తె రాగానే ప్రతి హిస్సేదారు ఇంటి నుంచి ఒక గంప ఎరువు రావాలి. కూలివాడి నెత్తిన పంపితే ఒప్పుకోదు. "మీ ఇంటి గంప మీ ఇంటి నెత్తి మీదనే రావాలె" అనేది. మా అమ్మ పట్టుచీర అంచు నడుముకు దోపుకొని, పెంటగంప ఎత్తుకొని, ఎవరూ చూడకుండా సందుల వెంట నడిచి పోతే, ఎదురుగా పోస్టుమాస్టరు అదే అవతారంలో కనిపించాడు. ఇద్దరూ నమస్కారం పెట్టుకుందామన్నా చేతులు ఖాళీ లేవు. జైనబీ దూరం నుంచే చూసి, "ఏం పోస్టుమాస్టరు సాబ్, రిజిస్టరు పార్శిలా?" అని కేక వేసింది. మా అమ్మ అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. బతుకమ్మకు మా వాడల ఆడపిల్లలందరికీ ఆమె గట్ల మీది గునుగు పూలే. పూలు కోసుకోవచ్చు, మొక్క పీకితే మాత్రం ఊరుకోదు. చలి మొదలైనప్పుడు అన్నిటికన్నా పెద్ద పండుగ. పచ్చజొన్న కంకులు పాలు గట్టిపడగానే పిడకల నిప్పుల మీద కాల్చి, గోనెపట్టా మీద వేసి నలిపి, చెరిగి, ఊచబియ్యం పెట్టేది. హిస్సేదార్లందరూ పిల్లలతో సహా గట్ల మీద వరసగా కూర్చోవాలి. ఉడికించిన కందికాయలు, ఊచబియ్యం, బెల్లంముక్క. ఎవరి కులం ఏమిటో, ఎవరు ఎవరింట్లో నీళ్లు తాగరో అందరికీ తెలుసు. ఆ గట్టు మీద మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. ఎత్తితే ఆమె ఏమంటుందోనన్న భయం అది. అభ్యుదయం అనుకునేరు.

డెబ్భై రెండులో వాన మొహం చాటేసింది. జొన్న మోకాలెత్తు లేచి మాడిపోయింది. కంది పూత రాలింది. వారం వారం హిస్సా సంచీ తేలికైపోతూ వచ్చి, చివరికి ఆగిపోయింది. అయినా చలి మొదలవగానే జైనబీ కబురు పంపింది, ఎప్పటిలాగే గట్టు మీదికి రమ్మని. ఏదో దాచి ఉంచింది, అందుకే పిలిచింది అనుకున్నారు అందరూ. నేను పొద్దున్నే పోయేసరికి ఆమె మధ్యలో పడ్డ జల్లులకు గట్ల వెంట మొలిచిన ఆకు కోస్తున్నది. తుమ్మి, దొగ్గలి, గంగవాయిలి. మిగతా రైతులు పీకి పారేసేవి, ఆమె నాకు ఉంచమని నేర్పినవి. చింతపులుసు పోసి వండింది. తన ఇంట్లో మిగిలిన పిండితో రొట్టెలు చేసింది. మనిషికి ఒకటి కూడా రాదు, తుంచి పెట్టాలి.

హిస్సేదార్లు వచ్చి కూర్చున్నారు. విస్తట్లో ఆకుకూర చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా నాయిన గొంతు సవరించుకున్నాడు. ఆయన కోర్టులో ఎన్నడూ మాట్లాడలేదు, వకీలు మాట్లాడుతుంటే వెనక నిలబడి కాగితాలు అందించేవాడు. ఆ రోజు మాత్రం వకీలే తానైనట్టు మాట్లాడాడు.

"జైనబమ్మా, పండినదంతా పంచుత అన్నవ్. మీ ఇంట్ల నూనె డబ్బా నిండ జొన్నలున్నయని విన్నం. అవి పండినయా, కాదా?"

"పండినయే."

"మరి హిస్సా ఏది?"

నేను చూస్తూనే ఉన్నాను. ఆమె లేచి చేనులోని తన గుడిసెలోకి పోయి, ఆ డబ్బాను రెండు చేతులతో ఎత్తుకొచ్చి, వరసల నడుమ అందరికీ కనిపించేలా పెట్టింది. మూత తీసి చూపింది. బూడిద కలిపిన పచ్చజొన్న, పైన వేపాకు. మూత మళ్లీ బిగించి, దాని మీద కూర్చుంది. దాచుకోవడమంటే ఇదేనా? అడుగుతున్నాను.

"ఇవి పోయినేడు పండినయ్. పోయినేటి హిస్సా మీరు పోయినేడే తిన్నరు. ఇది నా హిస్సా. నేను తినకుండ ఉంచుకున్న. వచ్చే మిరుగుకు ఇత్తనం ఇదే. దీన్ని తింటే మళ్ల ఏడాది మీకు పెట్టేది ఏముంటది? మందు బస్తాల జొన్న కావాలంటే మా మరిది తానికి పోండ్రి. నన్ను లేపి తీస్కుంటరా, తీస్కోండ్రి."

ఎట్లా లేపుతారు? పెద్దమనుషులు, పరాయి ఆడమనిషి మీద చెయ్యి వేయలేరు. వాళ్ల మర్యాదనే వాళ్లకు అడ్డం పెట్టింది. పోస్టుమాస్టరు విస్తట్లోకి చూస్తూ కూర్చున్నాడు. ఎవరో వెనక నుంచి "మాకు గడ్డి పెడుతున్నవా?" అన్నారు.

"గడ్డే. నేను గూడ ఇదే తింటున్న. కూసుంటే పెడ్త, లేస్తే దావ మీకెరుకే."

మా నాయిన లేచాడు. "లే బిడ్డా, పోదాం" అన్నాడు నాతో. నా చేతిలో కూర గిన్నె ఉంది. "హిస్సా అంటే ఏమిటో చేరేటప్పుడే చెప్పింది నాయినా, నువ్వే చేయెత్తినవ్" అన్నాను. ఊళ్లో వాళ్ల ముందు, ఆయన ముఖం మీద. ఆయన ఒక్కడే పోయాడు. ఆయన వెనక ఒక్కొక్కరే లేచారు. మిగిలింది మా అమ్మ, పోస్టుమాస్టరు, ఇంకో ఇల్లు. మా అమ్మ ఎందుకు లేవలేదో నేనెప్పుడూ అడగలేదు. పులుసు బాగుందని మాత్రం అంది. నేను జైనబీ పక్కన కూర్చుని తిన్నాను. చేదు. ఆమె డబ్బా దిగకుండానే తిన్నది.

ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవరికి గడ్డి పెట్టారు?

ఆ ఏడాది ఎట్లా గడిపిందో నాకు పూర్తిగా తెలియదు. కరువు పనికి పోయి రాళ్లు కొట్టిందని తెలుసు. ఎడ్లలో ఒకటి చచ్చిపోతే, మిగిలిన దానికి జోడీగా మరిది ఎద్దును అడగకుండా, పక్క చేను వాళ్లకు బదులు పని చేసి తెచ్చుకుందని తెలుసు. డబ్బా మాత్రం మిరుగు దాకా మూత తియ్యలేదు. మరుసటేడు వాన సరిగ్గా వచ్చింది. జొన్న మనిషి ఎత్తు దాటింది. చలి మొదలైంది. నేను కాలేజీ నుంచి సెలవుకు వచ్చి, ఆ మూడిళ్ల వాళ్లమే కదా అని తక్కువ పిడకలు పేర్చాను. ఆమె చూసి, "సరిపోవు, ఇంకిన్ని పెట్టు" అంది. ఎవరికని అడిగితే తనే ఇంకో నాలుగు పిడకలు తెచ్చి పేర్చింది. పొద్దెక్కేసరికి వాళ్లంతా వచ్చారు. ముందటేడు విస్తరి తోసిన వాళ్లు, ఏమీ జరగనట్టు, పిల్లల చేయి పట్టుకొని గట్టు మీద వరసగా కూర్చున్నారు. చివర్న మా నాయిన.

ఒక్క మాట అంటుందని ఎదురుచూశాను. ఒక్కటి చాలు. ఆమె నోరు ఎట్లాంటిదో నాకు తెలుసు, పుచ్చువంకాయ దగ్గరే తెలుసు. ఆమె మాత్రం గోనెపట్టా మీద కంకులు నలిపి, చెరిగి, వేడివేడి ఊచబియ్యం దోసిళ్లతో పోసుకుంటూ పోయింది. మా నాయిన వంతు రాగానే నేను చాట కింద పెట్టేశాను. ఆమె ఆ చాట అందుకొని తన చేత్తోనే ఆయనకు పెట్టింది. బెల్లంముక్క కూడా కాస్త పెద్దదే పెట్టింది. "గుమాస్తా సాబ్, జర మెల్లగ, కాల్తది" అంది. ఆయన తలవంచుకొని తిన్నాడు. ఇంటికొచ్చాక ఎవరో అడిగితే, "జైనబీ డబ్బాల జొన్నలు దాసుకున్నది గని, వంట మంచిగ చేస్తది" అని చెప్పడం నా చెవులతో విన్నాను. ఈ కథ పుట్టింది మా ఇంట్లోనే. అందుకే నాకింత మంట.

హిస్సా తర్వాత కూడా సాగింది. నేను ఉద్యోగం వచ్చి తాండూరు జూనియర్ కాలేజీకి వచ్చాక, సెలవుల్లో పాసింజరు బండెక్కి పోయేదాన్ని. ఎనభైల్లో ఆమె మోకాళ్లు పడిపోయాక, చేను మరిది కొడుకుల చేతికి పోయింది. వాళ్లు మందు బస్తాలు తెచ్చుకున్నారు. ఆఖరుసారి చూసినప్పుడు నులకమంచం మీద పడుకొని ఉంది. మంచం కింది నుంచి ఆ నూనె డబ్బా లాగి నా ముందుకు తోసింది. "నీకే. తిని పారేస్తె సచ్చిన్నాడు గూడ లేసొస్త" అంది. అప్పుడడిగాను, ఇన్నేళ్లూ నన్ను తినేస్తున్న సంగతి. వాళ్లకు ఎందుకు పెట్టినవ్ ఆపా, అని.

"నువ్వు తిన్నవా, లేదా?" అంది.

"తిన్నాను."

"తిన్నంక లొల్లేంది?"

అది జవాబు కాదు. పుచ్చువంకాయ నాడు కూడా ఇట్లాగే తప్పించుకుంది. కొందరు నాతో ఆమెది క్షమాగుణం అన్నారు. ఆమెను ఎరగని వాళ్లు అట్లాగే అంటారు. క్షమించే మనిషి మట్టిపెళ్లలు విసరదు. ఎరువు గంపలకు మనుషులు కావాలి కాబట్టి పెట్టిందన్నారు ఇంకొందరు. మూడిళ్ల గంపలతోనే ఆ పంట పండింది, ఆమెకు ఇంకెవరూ అక్కర్లేదని అప్పటికే తేలిపోయింది. ఎండిన నాడు కూడా రావాలని అందరి దగ్గరా మాట తీసుకున్నది ఆమే కదా. ఆ మాట తప్పిన వాళ్లకు ఎందుకు పెట్టింది?

డబ్బా ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఏటా మిరుగుకు మా పెరట్లో నాలుగు సాళ్లు వేస్తాను. పిచ్చుకలు తినగా మిగిలింది బూడిద కలిపి మళ్లీ దాంట్లో పోస్తాను. కూరలు తరిగేటప్పుడు దాని మీదే కూర్చుంటాను. స్టాఫ్‌రూములో, ఇంట్లో, అంగట్లో ఎవరికి గడ్డి పెట్టాల్సి వచ్చినా నేను వెనకాడను, ఆ నోరు ఆమె దగ్గర నేర్చుకున్నదే. ఆ చుట్టపావిడకు కూడా మొన్న బాగానే పెట్టి పంపాను. నాకు తెలియనిది ఒక్కటే. నిండు పంట నడుమ, ఊరంతా ముందు కూర్చుని ఉన్న ఆ రోజున, మా నాయినకు గడ్డి పెట్టాల్సిన చేత్తో ఊచబియ్యం ఎందుకు పెట్టినవ్ ఆపా?