చక్రానికి కట్టిన మోతి

మొన్న మా మనవరాలు ఉయ్యాల కట్టుకోవడానికి కొత్త జనపతాడు చుట్ట తెచ్చింది. సంచిలోంచి తీయగానే ఆ ఎండిన నార వాసన గదంతా పరుచుకుంది. చేతిలో పని ఆపి ఆ చుట్టనే చూస్తున్నాను. "ఏమైందవ్వా, గట్ల చూస్తున్నవ్?" అని అడిగింది. దేవరకొండ అంగడిలో ఏడెనిమిదేళ్ల వయసులో నేను చూసింది దానికి ఏమని చెప్పను?

అవి ఇంకా నిజాం రాజ్యం నడుస్తున్న రోజులు. మాది దేవరకొండ గుట్టలకు ఇవతల గొర్లు కాసుకునే కుటుంబం. వానలు వెనకబట్టి బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చేసరికి మా ఊరి చెలకలన్నీ తంగేడు పూలతో పచ్చగా, గునుగు పూలతో తెల్లగా మెరిసేవి. గడ్డివాములో మాగబెట్టిన సీతాఫలాల తీపి వాసన, తడిసి ఆరిన గొంగళ్ల వాసన, పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన కలిసి మా ఇంటి వాసనయ్యేది. నాన్నను మేం బాపు అనేవాళ్లం; బాపు తల్లిని పిల్లలమూ, ఆమె కొడుకులూ అందరం అవ్వా అనే పిలిచేవాళ్లం. గొంతు పెద్దది. గుట్ట మీద మేకను కిందినుంచే పిలిచి దింపేది.

మా చిన్నాయిన మల్లయ్యకు మోతి అని ఒక గోధుమరంగు కుక్క ఉండేది. ఒక చలికాలం మందలో తోడేలు పడితే అది గొర్రెపిల్లను వదిలిపెట్టేదాకా మోతి దాని మెడ పట్టుకుని వేలాడింది. ఆ పెనుగులాటలో మోతి చెవి ఒకటి చిరిగింది. అప్పటినుంచి చిన్నాయిన తన రొట్టెలో మొదటి ముక్క మోతికి పెట్టనిదే తినేవాడు కాదు. అంత ప్రేమగల మనిషి కనుకనే, ఆ రోజు జరిగింది ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

పండుగ ముందరి అంగడికి బండి కట్టుకుని అవ్వ, చిన్నాయిన, నేను పోయాం. మోతి బండి కింద నీడలో నడుస్తూ వచ్చింది. మేం చేరేసరికి ఆలస్యమై, వేపచెట్ల నీడలన్నీ ఇతరుల బండ్లు ఆక్రమించుకున్నాయి. మా బండి ఎండలో నిలిచింది. చిన్నాయిన కొత్తగా కొన్న జనపతాడు మోతి మెడకు వేసి, నీడలో ఉన్న ఎవరిదో బండి దగ్గరికి తీసుకుపోయి, చక్రంలోని ఒక ఆకుకర్రకు బిగించి కట్టాడు.

"మన బండికే కట్టరాదురా, పరాయి బండికెందుకు?" అంది అవ్వ.

"మనది ఎండల ఉన్నది గదనే. గీ బండి పొద్దూకేదాంక కదలదు తియ్యి. నేను గిప్పుడే వస్త."

నీళ్లు పెట్టలేదు, బండి ఎవరిదని అడగలేదు, జర చూస్తుండమని పక్కవాళ్లకైనా చెప్పలేదు. చాయ్ దుకాణంలో కొత్తగా గ్రామఫోన్ పెట్టారట. ఆ ఇత్తడి గొట్టంలోంచి వచ్చే పాట అంగడి సగం దూరం వినబడుతోంది. చిన్నాయిన ఆ పాట వెంబడే పోయాడు.

నేను, అవ్వ గాజులు చూశాం, నువ్వులు కొన్నాం, కమ్మరి దగ్గర కొత్త కొడవలి తీసుకున్నాం. బెల్లం పాకంలో ముంచిన పేలాల ఉండ చప్పరిస్తూ నేను అవ్వ వెనకాలే తిరిగి వస్తున్నాను. కొంచెం దూరంలో ఒక ముసలాయన ఆ నీడలోని బండికి ఎడ్లను కడుతున్నాడు. ముందువైపు నుంచే కట్టి, ముందువైపు నుంచే ఎక్కి, ఎడ్లను అదిలించాడు. బండి వెనక, చక్రం పక్కన పడుకున్న కుక్కను ఆయన చూడలేదు.

చక్రం తిరిగింది. తాడు ఇరుసుకు చుట్టుకుంది. మోతి ఒక్కసారి కుయ్యిమంది. ఆ తర్వాత దాని గొంతు లేదు. ముందరి కాళ్లు నేల విడిచి గాల్లో కొట్టుకోవడమే కనబడింది. నా చేతిలోని ఉండ జారిపోయింది.

"ఆపూ! బండాపూ!"

అది అవ్వ గొంతు. అంగడంతా ఉలిక్కిపడి నిలబడింది. అప్పటికే ఆమె ఎడ్ల ముందుకు దూకి ముకుతాళ్లు పట్టుకుంది. బండి ఆగగానే వెనక్కి పరుగెత్తి, మోతిని భుజంతో పైకెత్తి పట్టి, కొడవలితో తాడు కోసింది. కుక్క తడిబట్టలా నేలమీద పడింది. ముసలాయన దిగి వచ్చి చూశాడు.

"నా బండికి కుక్కను కట్టిండ్రని నాకేమెరుక తల్లీ! నేను సూడలే, నేను సూడలే..." అంటూ ఏడ్చాడు.

గుంపును తోసుకుంటూ చిన్నాయిన వచ్చాడు. చేతిలో చాయ్ కప్పు ఇంకా ఉంది. "ఏమైంది? ఎవని కుక్క?" అన్నాడు.

అవ్వ తలెత్తి చూసింది. "నీదేరా."

కప్పు ఎప్పుడు పడిందో ఆయనకే తెలియదు. అవ్వ నీళ్లు తాపుతుంటే మోతి మెల్లగా కళ్లు తెరిచింది. చిన్నాయిన "మోతీ" అని చెయ్యి చాపాడు. అది నేలకు పొట్ట ఆనించి, వెనక్కి వెనక్కి పాకి, ఆ ముసలాయన కాళ్ల వెనక దాక్కుంది. చిన్నాయిన చాపిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. నన్నెత్తుకుని తిప్పిన మనిషి మొహం అట్లా అయిపోవడం చూసి నేను గట్టిగా ఏడ్చాను.

ఇంటికి పోయేటప్పుడు అవ్వ ఒళ్లో మోతి, పక్కన నేను. చిన్నాయిన బండి ఎక్కకుండా వెనకనే నడిచాడు. ఎడ్ల పగ్గాలు ఊరిదాకా అవ్వే పట్టుకుంది.

పసుపు, వేపనూనె రాస్తే మెడ మీద పుండు మానింది. కాని మొరుగు తిరిగి రాలేదు, గురగుర మాత్రం మిగిలింది. చిన్నాయిన పెట్టిన రొట్టెను ఆయన అవతలికి పోతే గాని ముట్టేది కాదు. "తిననీ, నేనే ఎడంగ పోత" అని తన గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయేవాడు. గొర్లు ఈనే కాలంలో ఒక పగలు, మందలో కూర్చున్న ఆయన పాదాల దగ్గరికి మోతి తనంతట తానే వచ్చి పడుకుంది. అది లేచేదాకా చిన్నాయిన కాలు కదపలేదు. బాపు కేకేసి పిలిచినా లేవలేదు.

ఆ తోడేళ్లు ఇప్పుడు లేవు, గొర్ల మందలు లేవు, గొంగళ్లు నేసేవాళ్లు లేరు. దేవరకొండ అంగడిలో బండ్లు విడిచిన జాగాలో షెట్టర్ల దుకాణాలు, ఆటోలు. పోయినేడు అక్కడ దిగినప్పుడు, ఆ వేపచెట్లు ఉన్నచోటేదో గుర్తుపట్టలేక రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. ఆ హారన్ల మోతలో మా అవ్వే వచ్చి అరిచినా, ఒక్క బండి ఆగేది కాదు.