మా బావ, నేను, చెల్లమ్మ

పోయిన నెల ఒక మధ్యాహ్నం తిరువళ్ళూరులో మా ఇంటి మిద్దె మీద మిరపకాయలు ఎండబోస్తున్నాను. వీధిలో జీపు ఆగిన చప్పుడైంది. బావ ఆఫీసు జీపు అది, పగటిపూట మా ఇంటికి రాదు. వంగి చూస్తే డ్రైవరు ఒక్కడే దిగి, తలెత్తకుండా నిలబడి ఉన్నాడు. నేను మెట్లు దిగి వచ్చాను.

"అమ్మా, డాక్టరయ్య ఇంక లేరమ్మా. బోను ముందర కూర్చోనుండినారు. అట్లే పక్కకు ఒరిగిపోయినారు" అని నాకంటే ముందు అతనే ఏడ్చాడు.

గుండె ఆగిపోయిందట. డాక్టరయ్య అంటే నా పెనిమిటి. మేనత్త కొడుకు కాబట్టి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ బావా అనే పిలిచాను. పెళ్ళయినా ఆ పిలుపు మారలేదు. ఆయన పోయాడని విన్న క్షణాన నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. "కడాకు దాని ముందే పోయినాడా" అనుకున్నాను. కళ్ళనీళ్ళు ఆ తరువాత వచ్చాయి.

ఆ 'దాని' సంగతి చెప్పకుండా మా బావను గురించి చెప్పడం నా వల్ల కాదు. అరవ పత్రికలో నాలుగు వరుసలు వేశారు, జంతువుల డాక్టరు మరణం అని. అందులో లేనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది తిరుత్తణి. కొండ కింద మా నాయనకు పూజాసామాన్ల అంగడి ఉండేది. పెళ్ళినాటికి బావ పశువుల డాక్టరు. పెరియపాళయం చుట్టుపక్కల పల్లెల్లో ఎద్దు అవసరం లేకుండా సూదితో ఆవుల్ని చూడి కట్టించడం ఆయన పని. ఆ రోజుల్లో రైతులకు అది నమ్మశక్యంగా ఉండేది కాదు. దూడ పుట్టాక మాత్రం అరటిగెల తెచ్చి వాకిట్లో దించిపోయేవాళ్ళు. ఇంటికి రాగానే బావ బావి దగ్గర మోచేతుల పైదాకా సబ్బు రుద్దుకునేవాడు. మళ్ళీ రుద్దుకునేవాడు. చేతులు వాసన చూసుకుని, నా ముందు చాచి "మే, చూడు, పోయిందా?" అని అడిగేవాడు. పోకపోయినా పోయిందనే చెప్పేదాన్ని.

కొన్నేళ్ళకు శోళవరం చెరువు పక్కన అడవి జంతువుల కోసం ఒక కేంద్రం పెట్టారు. అడవుల్లో అంతరించిపోతున్న వాటిని బోనుల్లో పెంచి, పిల్లలు పెట్టించి, జాతి నిలబెట్టాలని వాళ్ళ ప్రయత్నం. ఆవుల పని తెలిసిన వాడని బావను అక్కడికి మార్చారు. అక్కడే ఉంది చెల్లమ్మ.

చెల్లమ్మ ఒక ఆడకోతి. పడమటి కొండల అడవుల్లో ఉండే జాతి. ఒళ్ళంతా నలుపు, మొహం చుట్టూ బూడిదరంగు జూలు, తోక కొసన సింహానికున్నట్టు చిన్న కుచ్చు. అరవంలో సోలైమంది అంటారు. ఎవరో దొంగతనంగా పట్టి అమ్మబోతే అటవీశాఖ వాళ్ళు విడిపించి తెచ్చారు. దానికి పేరు పెట్టింది బావే. అరవంలో చెల్లమ్మ అంటే ముద్దులపిల్ల. మన తెలుగులో చెల్లెలు. "సవితిని చెల్లెలనే కదా పిలవాల, బాగానే పెట్టినావు బావా పేరు" అన్నాను నేను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

మా వీధిలో మొదట ఫ్రిజ్ వచ్చింది మా ఇంటికే. ఎంత సంబరపడ్డానో! ఐసు అడగడానికి ఇరుగుపొరుగు వాళ్ళు వస్తారని స్టీలు గిన్నెలు తోమి పెట్టుకున్నాను. ఆ సాయంత్రం బావ సంచిలోంచి చిన్న చిన్న సీసాలు తీసి పై అరలో వరసగా పేర్చాడు. లోపల పసుపుపచ్చని నీళ్ళు.

"ఏంది బావా ఇది?"

"చెల్లమ్మ ఉచ్చ. రేపు పొద్దున కరెంటు రైలుబండికి మద్రాసు తీసుకుపోవాల. ల్యాబులో చూస్తే దాని కడుపు లోపల ఏం జరగతా ఉండాదో అంతా తెలస్తాది. సూది పొడిచే పని లేదు."

పాలు పెరుగు పక్కన కోతి ఉచ్చ పెట్టుకున్న ఇల్లాలిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. నాకు వచ్చిన కోపం అసహ్యంతో కాదు. ఆ సీసాల మీద ఆయన చేతిరాత ఉంది. ఎప్పుడు పట్టింది, చెల్లమ్మ ఆ పూట ఏం తిన్నది, చిరాకుగా ఉందా, కులాసాగా ఉందా, అన్నీ సన్నటి అక్షరాల్లో. నేను ఆ పూట తిన్నానో లేదో ఆయనకు తెలుసా?

మాకు పిల్లలు లేరు. ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది, కలం సాగలేదు.

అత్త మంచిదే. సొంత మేనత్త, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. కాని నెలనెలా కృత్తిక నక్షత్రం వచ్చిందంటే బిడ్డల కోసం మొక్కుకోమని నన్ను తిరుత్తణి కొండ మెట్లెక్కించేది. తడిబట్టలతో, మోకాళ్ళు నొప్పెడుతున్నా ఎక్కేదాన్ని. దిగువన మా నాయన అంగడి ముందు నుంచే నడవాలి. నన్ను చూడగానే ఆయన లోపలికి పోయి ఏదో వెతుకుతున్నట్టు నిలబడేవాడు. ఇంటికి వస్తే బావ పుస్తకాల్లో తల దూర్చి, చెల్లమ్మకు ఈసారి ఏ రోజుల్లో ఎద పట్టిందో గీతలు గీస్తూ ఉండేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆగలేకపోయాను. "ఆ కోతి నెల తప్పిందా లేదా అని మద్రాసుదాకా పోయి కనుక్కోని వస్తావే. నా సంగతి యాడన్నా, ఎప్పుడన్నా అడిగినావా బావా?"

బావ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. లేచి చొక్కా వేసుకుని బయటికి పోయాడు.

ఆ తరువాత కొన్నాళ్ళకు అత్త మళ్ళీ కృత్తిక మాట ఎత్తింది. ఈసారి మాటల మధ్యలో, దూరపు చుట్టంలో ఒక పిల్ల ఉందనీ, వాళ్ళు రెండో సంబంధమైనా ఇస్తామంటున్నారనీ కూడా అనేసింది. నేను వంటింట్లో ఉన్నాను. బావ గొంతు వినబడింది.

"అమ్మా, నీ కోడల్లో ఏ లోపమూ లేదు. నాలో ఉండాది."

"ఏమిరా, నోటికొచ్చినట్టు మాట్లాడతావు?"

"నా కంటితో నేనే చూసినానమ్మా. నా పనే అది కదా. ఎద్దుదైనా నాదైనా భూతద్దం కింద పెడితే ఒకటే. ఇంక దాన్ని కొండెక్కించొద్దు."

నేను గరిటె చేత్తోనే వంటింటి గడపదాకా వచ్చాను. ఆ కాలంలో, మా కులంలో, ఏ మగవాడు నోటితో ఒప్పుకుంటాడు ఆ మాట? బావ ఒప్పుకున్నాడు. అందుకు ఆయన కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. ఆ మర్నాటి నుంచి ఆ వీధిలో నా నడక మారింది.

అయినా నా కుళ్ళు తీరలేదు. బావ ఇప్పుడు ఇంకా ఎక్కువగా చెల్లమ్మకే అంటుకుపోయాడు. ఇంట్లో కానిది అక్కడైనా కావాలన్నట్టు.

చెల్లమ్మతో పాటు ఒక మగకోతినీ పెట్టారు. అది దగ్గరికొస్తే చెల్లమ్మ కీచుమని అరిచి మూలకు పోయేది. మత్తిచ్చి ఆవులకు చేసినట్టే సూదితో చూశారు. నిలవలేదు. మరోసారి చేస్తే మత్తు దిగక చచ్చి బతికింది. పెద్ద ఆఫీసర్లు ఇంకో కోతి మీద చూద్దామన్నారు. బావ ఒప్పుకోలేదు. సీసాలన్నీ చూశాక ఆయనకు తేలిందేమిటంటే, చెల్లమ్మ ఒంట్లో ఏ తేడా లేదు. ఉన్నదల్లా భయం. అవి గుంపుగా బతికే జీవాలు. తోడు ఆడవాళ్ళు లేకుండా కాపరం చేయలేవు. ఇంకో చోటి నుంచి రెండు ముసలి ఆడకోతుల్ని తెప్పించి దాని బోనులోనే పెట్టించాడు. మగకోతిని పక్క బోనులోకి మార్చి, మధ్య తలుపు రోజూ తీయకుండా, సీసాలు చెప్పిన రోజుల్లో మాత్రం తీయించేవాడు. తక్కినప్పుడు బోను ముందు గొంతుక్కూర్చుని చూసేవాడు. "తొందరపడితే భయపడతాది. భయపడితే నిలవదు." అది ఆయన మాట. పనివాళ్ళకూ చెప్పేవాడు, మద్రాసు నుంచి వచ్చిన పెద్దవాళ్ళకూ చెప్పేవాడు.

ఒక సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గడపదాకా వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మే, నిలిచింది."

చపాతీపిండి కలుపుతున్న నా చేయి ఆగింది. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు కాచుకున్నాను! ఆ మాట నేను ఆయనకు చెప్పాలి, ఆయన మొహం అలా వెలగాలి. అది కోతి కోసం వెలిగింది. "మంచిది" అన్నాను. పొద్దున్నే బస్సెక్కి తిరుత్తణికి మా నాయన దగ్గరికి పోయాను. ఎందుకొచ్చావని నాయన అడగలేదు. నేను అంగట్లో కూర్చుని కర్పూరం పొట్లాలు కట్టాను. బావ వారానికోసారి వచ్చి, కాఫీ తాగి, కొంతసేపు ఊరికే కూర్చుని వెళ్ళేవాడు. రమ్మనలేదు. చెల్లమ్మ పేరు ఎత్తలేదు.

నెలలు గడిచాక ఒక పూట వచ్చి నిలబడే అడిగాడు. "కాన్పు దగ్గరపడింది. వస్తావా?"

"దాని కాన్పుకు నేనెందుకు?"

"నాకు భయంగా ఉండాది మే."

అంతకుముందు ఆ మాట ఆయన నోట నేను వినలేదు. సంచి సర్దుకున్నాను.

మేము శోళవరం చేరేసరికి తెల్లవారింది. కాన్పు అప్పటికే అయిపోయింది. గుప్పెడంత పిల్ల, లేత గులాబి మొహం, తడి ఆరని నల్లటి వెంట్రుకలు. నేల మీద పడి ఉంది. చెల్లమ్మ దాన్ని ముట్టకుండా దూరంగా కూర్చుని తన చేతుల్నే చూసుకుంటోంది. బోనుల్లో ఉండే తొలిచూలు తల్లులు ఒక్కోసారి అలా చేస్తాయట. పనివాళ్ళు పిల్లను బయటికి తీద్దామన్నారు. బావ చేయి ఎత్తి ఆపాడు.

నేను బోను ఇనుప వల దగ్గరే నిలబడ్డాను. ఆ పిల్ల నోరు తెరుస్తోంది, చప్పుడు రావడం లేదు. నా మనసులో ఏముండిందో రాస్తున్నాను. చెల్లమ్మ దాన్ని తీసుకోకూడదు. తీసుకోకపోతే ఎవరో ఒకరు పాలు పట్టి పెంచాలి కదా. నా చీర కొంగు అప్పుడే వేళ్ళకు చుట్టుకుని ఉన్నాను, మెత్తగా పట్టుకోవడానికి.

ముసలి ఆడకోతుల్లో ఒకటి మెల్లగా వచ్చి చెల్లమ్మ పక్కన కూర్చుని దాని వీపు దువ్వడం మొదలుపెట్టింది. చాలాసేపు దువ్వింది. ఆ తరువాత చెల్లమ్మ జరిగింది. పిల్లను ఒక వేలితో తాకింది. చటుక్కున ఎత్తి ఎదకు అదుముకుంది. పిల్ల రొమ్ము పట్టుకుంది.

పనివాళ్ళు చప్పట్లు కొట్టబోయి బావ మొహం చూసి ఆగిపోయారు. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి. నా వైపు తిరిగి, ఎవరికీ వినబడకుండా అన్నాడు. "అది తీసుకోకపోతే నీకిద్దామనుకున్నాను. అందుకే పిలచకొచ్చినాను."

నేను కొంగు వదిలేశాను. "దాని బిడ్డ దానికే ఉండనీ బావా" అన్నాను. ఆ మాట అనడం ఎంత కష్టమైందో ఆయనకు తెలుసు. ఆ రోజు సబ్బు రుద్దుకోకుండానే నా చేయి పట్టుకుని బస్‌స్టాండుదాకా నడిచాడు.

ఆ తరువాత చెల్లమ్మకు ఇంకా పిల్లలు పుట్టాయి. దూరప్రాంతాల నుంచి వచ్చి బావ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరికీ మా ఇంట్లోనే భోజనం. సాంబారు వడ్డిస్తూ, "మీ గురువుకు ఇద్దరు పెండ్లాలు, నేను రెండోదాన్ని" అనేదాన్ని. వాళ్ళు నవ్వేవాళ్ళు. బావ తలొంచుకుని తినేవాడు.

కర్మ అయిపోయాక శోళవరం వెళ్ళాను. చెల్లమ్మ ముసలిదైంది. జూలంతా ముగ్గుబుట్ట. కూతురు దాని వీపు దువ్వుతోంది. నన్ను గుర్తుపట్టిందో లేదో కాని, వలదాకా వచ్చి తీగలు పట్టుకుని నిలబడింది. నన్ను చూడలేదు. నా భుజం మీదుగా, గేటు నుంచి వచ్చే మట్టిదారినే చూస్తోంది. దానికి ఎవరూ చెప్పలేదు. ఎవరు చెప్పగలరు? నాకు జీపు వచ్చి చెప్పింది, నేను ఏడ్చాను, గాజులు తీశారు, అయిపోయింది. అది ఇంకా కాచుకోగలదు. ఆ దారిలో ఆయన వస్తాడని ఈ పూట కూడా నమ్మగలదు. దాన్ని చూసి నా కడుపు మళ్ళీ మండింది.

చెల్లమ్మ కళ్ళు కదల్లేదు. కొంతసేపటికి నేనూ వెనక్కి తిరిగాను. ఎండలో దారి తెల్లగా ఉంది. ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాము.