అవ్వ కొంగు పట్టిన గురువారం

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, ఒక మనిషి సర్వనాశనం కావాలని మనసారా ప్రార్థన చేశాను. అదీ మందిరంలో, మోకాళ్ల మీద, కళ్లు గట్టిగా మూసుకుని. ఆమె ఇల్లు కూలాలని, ఆమె నోట మాట పడిపోవాలని, ఆమె తల వంచుకుని మా అమ్మ ముందు నిలబడే రోజు రావాలని వరసగా అడిగాను. చివర్లో ఆమెన్ కూడా అన్నాను. ఇప్పుడు హిందూపురంలో మా సంఘం ఆడవాళ్లు నన్ను శాంతమూర్తి అంటుంటే నాకు లోపల నవ్వొస్తుంది. పగ పట్టడంలో నన్ను మించినవాళ్లు మా వంశంలోనే లేరు.

ఆమె అప్పటి మా ధర్మవరం సంఘంలో ఆడవాళ్లకు పెద్ద. వీధి మూలనున్న మిద్దె ఇల్లు వాళ్లది కనుక మూలింటి పెద్దమ్మ అనేవాళ్లం. ఇంట్లో నాలుగు మగ్గాలు ఉండేవి. ధర్మవరంలో నాలుగు మగ్గాలున్న ఇల్లంటే ఆ రోజుల్లో ఎవరైనా గౌరవంగానే చూసేవాళ్లు. మేము ఆ ఊరికి కొత్త. మా నాయన పోయిన ఏడాదికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని కొత్తచెరువు దగ్గరి పల్లె నుంచి వచ్చేసింది. బాప్తిస్మం తీసుకుందని తెలిసి అత్తింటివాళ్లు గడప తొక్కనివ్వలేదు, పుట్టింటివాళ్లు పలకరించలేదు. అమ్మ నేతగాళ్ల ఇళ్లకు పట్టుపోగు కండెలకు చుట్టి ఇచ్చి నన్ను సాకేది. పొద్దున రాట్నం ముందు కూచుంటే సాయంత్రానికి నడుము ఎత్తలేకపోయేది. మాకు అయినవాళ్లంటే ఇక మందిరంలోని ఆడవాళ్లే.

వాళ్లలో మా అమ్మను చేరదీసింది ఒక అవ్వ. ఆమెది పెనుకొండ. పెళ్లయి ధర్మవరం వచ్చి, మొగుణ్ణీ కొడుకునూ పోగొట్టుకుని, ఒక్క గదిలో ఒంటరిగా ఉండేది. వారానికి మూడు రోజులు మా ఇంటికి వచ్చి అమ్మ పక్కన కాళ్లు చాపుకుని కూచునేది. అమ్మకు అక్షరాలు నేర్పింది, పాటలు నేర్పింది, నోరు తెరిచి ప్రార్థన చేయడం నేర్పింది. అన్నిటికంటే ముఖ్యంగా, నలుగురిలో తలెత్తుకుని కూచోవడం నేర్పింది. విధవరాలినని గోడవారన ఒదిగే మా అమ్మను చెయ్యి పట్టి ముందు చాప మీద కూచోబెట్టేది.

మా సంఘంలో పిడికెడు బియ్యం పద్ధతి ఉండేది. అన్నం వండినా సంకటి కెలికినా, ఎసట్లో బియ్యమో నూకలో పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని పేరున పక్కన పెట్టాలి. బుధవారం నాడు ఒకరు సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగు చేస్తారు. అదంతా ఒక పెద్ద రేకు డబ్బాలోకి చేరుతుంది. సంఘంలో పూట గడవనివాళ్లు ఎవరో పెద్దలే ఆలోచించి పంపించేవాళ్లు. డబ్బా మూలింటి పెద్దమ్మ ఇంట్లో ఉండేది. సంచీ పట్టే పనిని అవ్వ మా అమ్మకు ఇప్పించింది. అందరి గడపా ఎక్కి, అందరి చేతా అమ్మా అక్కా అనిపించుకునే పని అది. ఆ బుధవారాల్లో అమ్మ ముఖం వేరేగా ఉండేది.

ఒక గురువారం ఆడవాళ్ల కూడికలో, డబ్బా బాగా తగ్గిపోతోందని మాట వచ్చింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే మూలింటి పెద్దమ్మ మెల్లగా గొంతు సవరించుకుంది.

"కొత్తగా వచ్చినోళ్ల కడుపు నిండేకి దినాలు పడతాదిలే. సంచీ ఎవురి చేతికిస్తాండామో మనమే సూసుకోవల్ల" అంది.

పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. అమ్మ సంచీ మడిచి చాప మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఆ తరువాత మందిరానికి రానంది. అవ్వ వచ్చి తలుపు కొడితే తీయలేదు. ఊళ్లో ఉండి లాభం లేదని, బెంగళూరు పోయి ఏ కూలి పనో చేసుకుందామని నాతో అంది. చుట్టాలు వెలేసినప్పుడు కూడా అమ్మ అలా కుంగిపోవడం నేను చూడలేదు. దొంగ అన్న పేరుతో ఊరు విడిచిపోతే అది జన్మంతా మా వెనకే వస్తుందని ఆ వయసులోనే నాకు తెలుసు. నేను ప్రార్థన చేసింది అప్పుడే.

దేవుడు నాలుగు రోజులైనా ఏమీ చేయలేదు. ఇక ఆయన మీద పెట్టుకుంటే పని కాదనుకుని, సోమవారం మధ్యాహ్నం పావడ ఒడిలో ఇసుక పోసుకుని మూలింటి పెరట్లోకి దూరాను. వాళ్లు తాగే నీళ్ల కుండలో ఆ ఇసుక కలపాలని నా ఎత్తు. అంతకంటే పెద్ద పాపం నా చేతికి అందుబాటులో లేదు.

వంటింటి వెనక తలుపు ఓరగా ఉంది. ఇంట్లో మగ్గం చప్పుడు లేదు. పట్టు రావడం లేదని మగ్గాలు ఆపారని వీధిలో అందరికీ తెలుసు. కానీ మిద్దె ఇంటివాళ్లకు ఆకలేస్తుందని ఎవరూ అనుకోలేదు. లోపల పెద్దమ్మ ఒక్కతే ఉంది. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఆమె దేవుని డబ్బా మూత తీసి, బియ్యం చేటలోకి పోసుకుంది. దొరికింది దొంగ అనుకున్నాను.

ఆమె ఆ బియ్యాన్ని ఎసట్లో పోయబోయి ఆగింది. చేటలోంచి ఒక పిడికెడు తీసింది. కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. ఆ పిడికెడు బియ్యాన్ని మళ్లీ అదే డబ్బాలో వేసి మూత పెట్టింది.

నేను ఇసుక అక్కడే వదిలేసి అవ్వ దగ్గరికి పరుగెత్తాను. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. అవ్వ గడపలో కూచుని శెనక్కాయలు ఒలుస్తోంది. ఆయాసపడుతూ అంతా చెప్పాను. ఆదివారం మందిరంలో అందరి ముందూ ఆమెను నిలబెట్టి అడగాలని, ఆమె పెద్దరికం ఊడగొట్టాలని, సంచీతో పాటు డబ్బా కూడా మా అమ్మకే ఇవ్వాలని తీర్పు కూడా నేనే చెప్పేశాను. అవ్వ చేతులు కాయల మీదే ఆగిపోయాయి.

"పిడికెడు మళ్లా డబ్బాలో ఏసిందా? నువ్వు సూసినావా పాపా?" అంది.

చూశానన్నాను. దొంగ బియ్యాన్నే దేవుడికి ఇస్తోందని ఎగతాళిగా నవ్వాను కూడా. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులుగా అన్నం ముట్టనిది మా అమ్మ అయితే ఈమె ఏడుస్తున్నది ఎవరి కోసం?

"మీయమ్మ పేరు నేను నిలబెడతా. ఆయమ్మను పడేసి మాత్రం కాదు. గురువారం దాకా నోరు మూసుకోనుండు" అంది అవ్వ.

నేను బేరం పెట్టాను. గురువారం సాయంత్రానికి అమ్మ పేరు నిలబడకపోతే శుక్రవారం పొద్దున బోరింగు దగ్గర నిలబడి వీధి వీధంతా వినేట్టు చెప్తానన్నాను. అవ్వ సరేనంది.

గురువారం కూడికకు అమ్మ రాలేదు. నేను మాత్రం అందరికంటే ముందు పోయి ముందు చాప మీద కూచున్నాను. అవ్వ డబ్బా తెప్పించి మధ్యలో పెట్టించింది. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. మూలింటి పెద్దమ్మ ముఖంలో రంగు లేదు. ఆమెను చూస్తుంటే నాకు పండగలా ఉంది. అప్పుడు అవ్వ లేచి నిలబడింది.

"ఇన్నేండ్లూ ఈ డబ్బా నింపేది మీకు నేర్పించినా. దీంట్లోంచి అడిగేది నేర్పలేదు. తప్పు నాది. మా ఇంట్లో ఈ పూట బియ్యం లేవు. నాకు రెండు శేర్లు కావల్ల."

అని కొంగు పట్టింది.

ఆడవాళ్లంతా బిత్తరపోయారు. ఆ డబ్బాలో వేసేవాళ్లు వేరు, తీసుకునేవాళ్లు వేరు అని మా లెక్క. వేసేవాళ్లలో ఒకరు నోరు తెరిచి అడగడం ఎప్పుడూ లేదు. అడిగితే పరువు పోయినట్టే. నాకూ తల తిరిగింది. సోమవారం నాడు అవ్వ గదిలో సగం బస్తా గోడకు ఆనించి ఉండటం నా కళ్లతో చూశాను మరి. తరువాత ఎప్పుడో తెలిసింది, అబద్ధమాడటం ఇష్టం లేక బుధవారమే ఆ బియ్యమంతా రైలుగేటు దగ్గరి గుడిసెలవాళ్లకు పెట్టేసి వచ్చిందట.

ఎవరో కొలవబోతే అవ్వ ఒప్పుకోలేదు. సంచీ పట్టిన చెయ్యే కొలవాలని, మా అమ్మను పిలుచుకురమ్మని నన్ను పంపింది. అమ్మ రాట్నం ముందు నుంచి లేవనంది. అవ్వ కొంగు పట్టుకుని నిలబడి ఉందని, నువ్వు వచ్చేదాకా కూచోదని చెప్పాను. అమ్మ వేళ్లకు పట్టుపోగు చుట్టుకుని ఉండగానే లేచి వచ్చింది.

అమ్మ అవ్వకు రెండు శేర్లు కొలిచింది. ఇంకెవరికి కావాలని అవ్వ అడిగింది. ముందు, ఇంట్లో కూతురు బాలింతగా ఉన్న ఒకామె తటపటాయిస్తూ లేచింది. ఆమె వెనక, మేము కలిగినవాళ్లనుకునే ఇంకొకామె లేచింది. అమ్మ ఏమీ అడగకుండా కొలుస్తూ పోయింది. ఇక ముగింపు ప్రార్థనకు అందరూ సర్దుకుంటుంటే మూలింటి పెద్దమ్మ వచ్చి మా అమ్మ ముందు తల వంచుకుని నిలబడింది. నేను అడిగిన ప్రార్థన అక్షరాలా అదే.

"నేను అడక్కుండానే తీసుకున్నా. డబ్బా తగ్గింది నా చేత్తోనే. నిన్ను దొంగను జేసినా" అంది, అందరికీ వినపడేట్టు.

అమ్మ చేతిలో శేరు నిండుగా ఉంది. విసిరి ముఖాన కొట్టమ్మా అని నా లోపల అరుస్తున్నాను. అమ్మ దవడలు బిగుసుకోవడం నాకు కనపడుతూనే ఉంది. అప్పుడు అంది:

"అక్కా, కొంగు రెండు చేతుల్తో పట్టుకో. పడిపోతాయి."

అంతే. కొలిచి పోసింది. ఒక్క గింజ కింద పడలేదు.

నేను బయటికి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చాను. మా అమ్మ పేరు నిలబడింది, అది నిజమే. ఆ రోజు నుంచి డబ్బా మా ఇంటికే వచ్చింది. కానీ నాకు కావాల్సింది అది ఒక్కటే కాదు. అవ్వ వచ్చి నా పక్కన కూచుంది. పెద్దమ్మను వదిలేశారని, ఒక్క దెబ్బ కూడా వేయలేదని దెబ్బలాడాను. అవ్వ నా ముక్కు తుడిచి, "నువ్వు ఏయాలనుకున్న దెబ్బ కన్నా పెద్దదే పడిందిలే పాపా. మీయమ్మనే అడగాల్సొచ్చింది గదా" అంది. ఆ మాటతో కాస్త చల్లబడ్డాను.

తరువాత వాళ్లిద్దరూ అక్కాచెల్లెళ్లలా బతికారు. మగ్గాలు మళ్లీ ఆడాక పెద్దమ్మ కండెల పని అమ్మకే ఇచ్చింది. అమ్మ ఆఖరి జబ్బులో నెలల తరబడి ఒళ్లు తుడిచి, గంజి పట్టింది ఆమే. నాకు మాత్రం ఆ రోజుల్లో ఆమె చేతి బెల్లం ముక్క తీసుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఇద్దరూ లేరు. అయినా కడుపు నిండేకి దినాలు పడతాదన్న ఆ మాట గుర్తొస్తే ఈ వయసులోనూ నా చెవులు వేడెక్కుతాయి. క్షమించావా అంటే, క్షమించాను. మరిచిపోయావా అని మాత్రం నన్ను అడగకండి.

మొన్న ఇక్కడి హిందూపురం కూడికలో, చిలమత్తూరు వైపు నుంచి వచ్చి చేరిన ఒక పిల్ల గురించి మా సంఘంలో కలిగినామె ఏదో గుసగుసలాడింది. ఆమెను నలుగురిలో కడిగేయడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. అవి నాలుక మీదికి వచ్చాయి కూడా, తియ్యగానే ఉన్నాయి. అయినా లేచి, ఇక్కడా మేము నడుపుతున్న పిడికెడు బియ్యం డబ్బా తెప్పించాను. ఆ పిల్ల చేతికి శేరు ఇచ్చి, నాకు కొలవమని అందరికంటే ముందు కొంగు పట్టాను. నాలో పగ చావలేదు. కానీ కొంగు పట్టాలంటే రెండు చేతులూ కావాలి, అప్పుడు ఎవరి వైపూ వేలు చూపించడానికి చెయ్యి మిగలదు.