కుడితి తొట్టిలో కాఫీ బీరు

మొయినాబాద్‌లో మా పొలం పక్క ఫామ్‌హౌస్‌కు ఈ రోజు ఐటీ కంపెనీల కుర్రాళ్లు కొందరు వచ్చారు. చెక్క పీపాల్లో నెలల తరబడి ఊరబెట్టిన కాఫీ బీర్లలో ఏది గొప్పదో తేల్చడానికట. ఒక్కో రకం గుక్కెడు చప్పరించి, మిగిలింది బకెట్‌లో పోశారు. వాళ్లలో ఒకడు ఆ బకెట్ తెచ్చి మా కుడితి తొట్టిలో కుమ్మరించాడు. వచ్చే నెల ఈనబోయే బర్రె తాగే తొట్టి అది.

"ఏంది తమ్మీ ఈ పని?" అని అడిగాను.

"చెత్త తొట్టి అనుకున్నం అన్నా. ఫికర్ చెయ్యకు, మస్తు కాస్ట్‌లీ బీరు."

"గంత మంచిదైతే నువ్వే తాగకపోయినవా?"

నవ్వి వెళ్లిపోయాడు. కుడితంతా పారబోసి తొట్టి కడిగాను. అయినా వాసనకు బర్రె మూతి పెట్టలేదు, అరుస్తూనే ఉంది. అవతల ఏ బీరు గొప్పదన్న వాళ్ల వాదన ఇంకా తెగలేదు.

రేపు పేడ తట్ట తీసుకెళ్లి, వాళ్ల స్విమ్మింగ్ పూల్‌ను పెంటకుప్ప అనుకుందామని ఉంది. మీరేమంటారు?