గొలుసక్క కొట్టిన తెల్ల కారు

ఆసుపత్రిలో ఆమెను అందరూ గొలుసక్క అంటారు. మెడలో బంగారు గొలుసు ఉందని కాదు, సైకిల్‌కు తాళం వేసే ఇనప గొలుసును నడుముకు చుట్టుకుని వస్తుందని. ప్రమాదాల వార్డులో గాయాలకు కట్లు కట్టడం ఆమె పని. ఆ గదిలోకి వచ్చే చీరుకుపోయిన మోకాళ్ళూ పగిలిన తలలూ చూసీ చూసీ, లోకంలో మనుషులు రెండే రకాలని ఆమె ఎప్పుడో తేల్చేసింది: కారు నడిపేవాళ్ళు, కారు కింద పడేవాళ్ళు.

నడిపేవాళ్ళలో మళ్ళీ తరగతులున్నాయి. నల్ల కారువాడిది డబ్బు పొగరు. ఎర్ర కారువాడిది వయసు పొగరు. తెల్ల కారువాడు గుద్ది పారిపోయే రకం.

“మరి నీలం కారువాడో?” అని మొగుడు ఆటపట్టించేవాడు.

“వాడు ఫోన్లో పెళ్ళాంతో పోట్లాడుతూ గుద్దుతాడు.”

నవ్వులాటకేం గానీ, ఆమె కోపం ఊరికే పుట్టింది కాదు. రోజూ ఆసుపత్రికి వెళ్ళే దారిలో కార్లు ఆమె చీర కొంగును రాసుకుంటూ పోతాయి. ఒకసారి ఓ పెద్ద కారు అలాగే నెట్టుకుంటూ వస్తే సైకిల్‌తో సహా మురికికాలువలో పడింది, ముందు పన్ను విరిగింది. కారులో వాడు అద్దం దించి చూశాడు. బతికే ఉందని తెలిసి పకపకా నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వు విన్న రోజు నుంచే గొలుసు నడుముకెక్కింది. ఆ తర్వాత ఒకడి కారు వెనక దీపం పగలగొట్టింది, సిగ్నల్ దగ్గర ఇంకొకడి చెంప వాయించింది. రెండుసార్లూ చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. ఆ ఈలలు ఆమెకు బాగా ఒంటబట్టాయి, అదే వచ్చిన చిక్కు.

ఆ రోజు పొద్దున్నే ఇంట్లో గొడవ మొదలైంది. బోర్డులు రాసే పని సన్నగిల్లిపోయి చాలాకాలంగా ఖాళీగా ఉన్న మొగుడు, డ్రైవింగ్ నేర్చుకుంటానన్నాడు. ఆమె చేతిలోని గరిటె వెళ్ళి గోడకు తగిలి వంగిపోయింది.

“కార్లో కూర్చున్నంత మాత్రాన నేను ఇంకెవడో అయిపోతానటే?”

“అవుతావు. అందరూ అవుతారు. స్టీరింగ్ పట్టుకున్నాక మనిషి మనిషి కాడు.”

“నువ్వు మాత్రం గొలుసు పట్టుకుంటే మనిషివేనా?” అన్నాడు నోట్లో నాలుక లేని ఆ మొగుడు. ఆమె గొలుసును నడుముకు బిగించుకుంది. సైకిల్ బయటికి లాగి విసురుగా తొక్కింది.

కాలువ పక్క ఇరుకు రోడ్డు మీదికి వచ్చేసరికి వెనక హారన్ మోగింది. తప్పుకుందామంటే పక్కన చోటే లేదు. తెల్ల కారు ఒకటి ఆమెను ఒరుసుకుంటూ దూసుకుపోయింది. దాని ఎడమ అద్దం ఆమె మోచేతికి ఫట్‌మని తగిలి పగిలింది. ఆమె బోర్లా పడింది. అరచేతుల చర్మం లేచిపోయింది, మోచెయ్యి సలుపుతోంది. రోడ్డు మీద అద్దం ముక్కలు, దూరంగా తెల్లటి వెనక భాగం, అంతే. అరికాలి మంట నెత్తికెక్కింది. వంకరపోయిన హ్యాండిల్‌తోనే వెంటపడింది.

సిగ్నల్ దగ్గర తెల్ల కారు ఆగి ఉంది. లోకంలో అదొక్కటే తెల్ల కారైనట్టు, ఆమె సైకిల్‌ను రోడ్డు మీదే వదిలేసి డ్రైవర్ వైపుకు ఉరికింది. గొలుసు తీసి కొట్టిన దెబ్బకు కిటికీ అద్దం భళ్ళున రాలింది.

“గుద్ది పారిపోతున్నాడు! పట్టుకోండి!”

బక్కపల్చటి మనిషి చేతులు అడ్డం పెట్టుకుంటూ దిగాడు. “నేనేం చేశానమ్మా?” అంటున్నాడు. గొలుసు అతని ముఖం మీద అడ్డంగా పడింది. రెండో దెబ్బ కంటి మీద పడింది. ఈలోగా జనం రానే వచ్చారు. కాలర్ పట్టి లాగినవాడొకడు, డొక్కలో తన్నినవాడొకడు, తలా ఒక చెయ్యి వేశారు. సైకిల్ మీద వచ్చిన ఓ కూరగాయలవాడు, “మొన్న నన్ను పడేసిందీ వీడే!” అని అతని తలను కారు తలుపుకేసి బాదాడు.

ఊపిరి తీసుకోవడానికి ఆమె గుంపులోంచి కారు ముందు వైపుకు జరిగింది. అప్పుడు కనిపించింది కారు ఎడమ అద్దం. చెక్కు చెదరలేదు. దాని మీది దుమ్ము కూడా ఎక్కడా చెరగలేదు.

“ఆగండి! ఇతను కాదు! ఆగండిరా!”

“నువ్వు పక్కకుండమ్మా, మేం చూసుకుంటాం,” అన్నాడెవడో. ఎవడి పాత కసి వాడు తీర్చుకుంటున్నాడు, వాళ్ళకిప్పుడు ఆమెతో పనే లేదు. ఆమె వెళ్ళి అతని మీద అడ్డంగా పడింది. కూరగాయలవాడి తన్ను ఆమె డొక్కలో దిగింది, మరొకటి వీపు మీద పడింది. కింద అతని ముఖం నుంచి కారే నెత్తురుతో ఆమె జాకెట్టు తడిసింది. అతనికి స్పృహ లేదని తెలిశాక గుంపు ఇట్టే కరిగిపోయింది, ఒక్కడూ మిగల్లేదు. అటుగా వచ్చిన వ్యాన్‌ను ఆపి ఆమే ఆసుపత్రికి చేర్చింది.

డాక్టర్ కుట్లు వేసి, కన్ను ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేనని వెళ్ళిపోయాడు. కట్టు కట్టడం ఆమె వంతు. రెండో కన్ను కూడా వాచి మూసుకుపోవడంతో అతనికేమీ కనబడటం లేదు. తెలివొచ్చాక మాట్లాడాడు. టైలరట. పాత కారు కొని నెల కాలేదట. భయంతో మెల్లగా నడుపుతుంటే అందరూ హారన్ కొడతారట.

“సైకిళ్ళవాళ్ళకి ఒళ్ళు తెలీదని రోజూ మా ఆవిడతో అంటుండేవాణ్ణమ్మా. కానీ ఎవరినీ తగల్లేదు, ఒట్టు. కన్ను పోతే సూదిలో దారం ఎలా ఎక్కించను?” నొప్పికి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. “నీ చెయ్యి మెత్తన తల్లీ. నొప్పి తెలియనివ్వడం లేదు.”

ఆమె చుట్టు మీద చుట్టు వేస్తూనే ఉంది.

కానిస్టేబుల్ వచ్చాడు. రోజూ దెబ్బలు తగిలినవాళ్ళను తెచ్చేవాడు, ఆమెకు బాగా తెలిసినవాడే. “అక్కా, నిన్ను గుద్దింది ఇతనేగా? ఔననెయ్. జనం కొట్టారని రాసేస్తాను, ఇక్కడితో అయిపోతుంది.”

ఔననడానికి ఎంతసేపు? ఉద్యోగం ఉంటుంది. ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. టైలర్ వేళ్ళు ఇంకా ఆమె మణికట్టు మీదే ఉన్నాయి.

“కాదు,” అంది. “ఇతను కాదు. తప్పు కారు పట్టుకున్నాను. గొలుసుతో కొట్టింది నేనే.”

“ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా అక్కా? కేసవుతుంది. ఉద్యోగం పోతుంది.”

“తెలుస్తోంది.”

టైలర్ ఆమె మణికట్టు వదిలేశాడు. సగం చుట్టిన కట్టు కొసను పట్టుకుని ఆమె అలాగే నిలబడింది. తిట్టినా బాగుండు, తిరిగి కొట్టినా బాగుండు అనుకుంది. అతను గోడ వైపు తల తిప్పుకున్నాడు.

“సార్,” అన్నాడు కానిస్టేబుల్‌తో, “మిగతా కట్టు ఇంకెవరి చేతనైనా కట్టించండి.”