బాపు ఏం తిన్నాడు

మా బాపు మాంసం తిన్నాడని చెప్పి గుడి వంటింటి తాళంచెవి తీసేసుకున్నారు. తింటుండగా చూసినవాడు లేడు. పెట్టినవాడు లేడు. పక్షవాతం వచ్చింది కాబట్టి తిని ఉంటాడన్నారు. అంతే విచారణ.

నాకు తొంభై దగ్గరపడుతున్నాయి. ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఎవరి మీద కోపమో చెప్పమంటే మాత్రం తడబడతాను. బాపును పట్టుకోవడానికి వాళ్లకు కావలసిన వాదం తయారుచేసి, నలుగురిలో నిలబడి, చప్పట్ల మధ్య వాళ్ల చేతికిచ్చింది నేనే.

యాభైల సంగతి ఇది. మేముండేది హైదరాబాదు పాతబస్తీలో, జహానుమాలో. ఇంటికి నాలుగు అడుగుల్లో చిన్న గుడి. మూడు తరాలుగా ఆ గుడి నైవేద్యం మా ఇంటి మగవాళ్లే వండుతున్నారు. ఆ పని చేసేటప్పుడు బాపు మూతికీ ముక్కుకీ అడ్డంగా తెల్లగుడ్డ కట్టుకునేవాడు. దేవుడి కంటే ముందు వాసన చూడకూడదు, రుచి అసలే చూడకూడదు. ఉప్పు చేతి కొలత. ఒక్క రోజు ఎక్కువయిందని గాని తక్కువయిందని గాని ఎవరూ అనగా నేను వినలేదు. ఆరగింపు అయ్యాక తన వంతు ప్రసాదమే ఆయన భోజనం. పొద్దున పొంగలి, మధ్యాహ్నం పులిహోర, దద్దోజనం, శనివారం వడలు. ఇంట్లో అమ్మ వండినది ఆయన తిన్నది తక్కువ. బయట మంచినీళ్లు కూడా తాగడు. ఎక్కడికి పోయినా చేతిలో సొంత చెంబు.

నేను ఆ గుడ్డ కట్టుకోలేదు. నాలుగో తరగతితో బడి మానేసి, పత్తర్‌గట్టి వెనక సందులో ఒక బైండింగు దుకాణంలో చేరాను. నా చదువంతా అక్కడిదే. ప్రెస్సు నుంచి పెద్ద పెద్ద కాగితాల మీద పదహారేసి పేజీలు అచ్చయి వచ్చేవి. వాటిని ఫారాలంటారు. మడిచి, కుట్టి, అట్ట వేయడం మా పని. నేను మడిచే ముందు చదివేవాణ్ని. ఫారాలు వరుసలో రావు. ఒక పుస్తకం చివర ముందు చదివేవాణ్ని, మొదలు వారం తర్వాత. కొన్ని పుస్తకాల నడిమి భాగం ఏమయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అయినా ఆ వయసులో, చదివిన దాని మీద నాకున్నంత నమ్మకం కాలేజీ వాళ్లకు కూడా ఉండేది కాదు.

ఒకసారి ఆరోగ్యం గురించిన పుస్తకం వచ్చింది. మొదటి నాలుగు ఫారాలే వచ్చాయి, మిగతావి అచ్చులో ఉన్నాయన్నారు. ఆ నాలుగింటిలో ఉన్నది ఒకటే: మాంసం మానిన వాడి జోలికి పెద్ద జబ్బులు రావు. ఎందుకు రావో రాసిన తీరు ఎంత బాగుందంటే, మడతపెట్టడం మరచిపోయి మేస్త్రీతో తిట్లు తిన్నాను.

మా పేటలో ఒక పఠన మందిరం ఉండేది. ఆదివారం సాయంత్రాలు అక్కడ చర్చ పెట్టేవాళ్లు. శాకాహారం పెద్ద రోగాలను ఆపగలదా అన్న విషయం పెట్టమని అడిగింది నేనే. ఆపగలదని నేను మాట్లాడాను. కాదని మాట్లాడడానికి సర్కారీ దవాఖానా కుర్ర డాక్టరు లేచాడు. ఆయన కాదని కూడా గట్టిగా అనలేదు. "కొంతవరకు మేలు చేస్తుండొచ్చు. కానీ పాలూ పప్పూ తప్ప ఎరగని షావుకార్లు చక్కెర జబ్బుతో నా దగ్గరికి వస్తున్నారు. వాళ్లకు ఏమని చెప్పను?" అన్నాడు.

నేను కూర్చున్న చోటు నుంచే అరిచాను. "అది మీరు కాదు డాక్టర్ సాబ్, పొద్దున తిన్న ఖీమా మాట్లాడుతున్నది!"

హాలు హాలంతా నవ్వింది. ఆ ఊపులోనే లేచి, నేను సొంతంగా కట్టుకున్న వాక్యం వదిలాను. కూరగాయలు తినే ఇంటి గడప పెద్ద రోగం తొక్కదు. చప్పట్లు చాలాసేపు మోగాయి. మొదటి వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా కొట్టింది మా గుడి కమిటీ పెద్ద. బియ్యం, నెయ్యి టోకున అమ్మే శేటు.

పదిహేను రోజులు తిరగలేదు. పొద్దున పొంగలి కలుపుతుంటే బాపు చేతిలో గరిటె జారిపడింది. వంగి తీయబోయాడట, కుడిచెయ్యి కదలలేదు. మూతిగుడ్డ విప్పి చూస్తే నోరు ఒక పక్కకు పోయింది. మాట పోయింది. దవాఖానాలో ఆ కుర్ర డాక్టరే చూసి, రక్తపుపోటు వల్ల వచ్చిన పక్షవాతమన్నాడు. ఖీమా మాట ఆయన ఎత్తలేదు, నేను తల ఎత్తలేదు.

బాపును ఇంటికి తెచ్చిన మూడో నాడు శేటు పరామర్శకు వచ్చాడు. చాప మీద కూర్చుని కాసేపు బాపునే చూశాడు.

"ఎట్లుండే మనిషి ఎట్లయిపాయె." తర్వాత నా వైపు తిరిగాడు. "చిన్నోడా, ఆ దినం నువ్వేమన్నవు? కూరగాయలు తినే ఇంటి గడప పెద్ద రోగం తొక్కదంటివి గద?"

"అన్న శేటు."

"నేను గూడ చప్పట్లు కొట్టిన. మరి తొక్కె. అంటే ఏమన్నట్టు?"

"అది పుస్తకంల ఉన్నది శేటు..."

"పుస్తకం తప్పా?"

తప్పంటే నా పరువు పోతుంది. తప్పు కాదంటే బాపు పరువు పోతుంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, నేను ఆ నిమిషంలో నోరు మూసుకుని కూర్చున్నాను. నోరు పోయినవాడు బాపు, మూసుకున్నవాణ్ని నేను.

శేటు గొంతు తగ్గించాడు. "శుక్కురారం శుక్కురారం మీ బాపు బార్కస్ దిక్కు, ఆ అరబ్బుల పేటకు పోతుండె. జామకాయలకేనా?"

"జామకాయలకే."

"ఏమో నాయినా. నేనేం జూడలే. పుస్తకాలు చదివినోనివి, నువ్వే ఆలోచన చెయ్యి. గది దేవుని వంట. మాకు ఫికర్ ఉంటది గద."

బాపు కళ్లు శేటు మీద లేవు. నా మీద ఉన్నాయి.

మర్నాడు దవాఖానాకు పోయాను. "రండి గడప మనిషీ, కూర్చోండి," అన్నాడు డాక్టరు. నేను కూర్చోలేదు. బాపు మాంసం తినలేదని ఒక కాగితం రాసివ్వమన్నాను.

"తిన్నారో లేదో నాడి పట్టుకుంటే తెలియదు. తినడం వల్ల వచ్చిందో, తినకపోయినా వచ్చిందో ఒక్క మనిషిని చూసి నేను చెప్పలేను. కూరగాయలు, పప్పులు ఎక్కువగా తినడం మంచిదే. రోగం రాదని మాత్రం ఎవరూ హామీ రాసివ్వలేరు. ఇంతకీ ఏ ఆకుకూరలు తింటారు మీ నాన్నగారు?"

నేను ఆలోచించాను. మా గుడి నైవేద్యంలో ఆకుకూర వాడే ఆచారం లేదు.

"కూరగాయలు?"

"ఆయన తినేది ప్రసాదమే సాబ్."

"ప్రసాదంలో ఏముంటాయి?"

చెప్పాను. బియ్యం, పెసరపప్పు, నెయ్యి, బెల్లం, చింతపండు, నూనె, ఉప్పు. చెబుతుంటే నాకే ఏదో తేడాగా అనిపించింది.

"మరి ఆ రోజు మీరు మాట్లాడింది ఎవరి గురించండీ?" అన్నాడు డాక్టరు. వెక్కిరించలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అందుకే ఇంకా గుచ్చుకుంది. మాంసం తినకపోవడం వేరు, కూరగాయలు తినడం వేరు అన్న సంగతి, కూరగాయల మీద అరగంట మాట్లాడిన నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఇంక ఆగుతానా. ఆ సాయంత్రమే గుడి మంటపంలో కమిటీ కూర్చుంటే పోయి నిలబడ్డాను. బాపుకు అడ్డం పడ్డాననుకున్నాను. "మా బాపు ముక్క ముట్టలేదు. రోగం మాంసంతోని రాలే. ఆ నెయ్యి, ఆ ఉప్పు, ముప్పై ఏండ్ల సంది మీ ప్రసాదం తిని వచ్చింది!" అన్నాను.

తర్వాత లేచిన లొల్లి ఇంకా నా చెవుల్లో ఉంది.

"ఏమంటున్నవురా? దేవుని ప్రసాదం తింటే రోగమొస్తదా?"

"మేమందరం తింటలేమా? మాకు రాలేదేంది?"

"వంట జేసెటోని కొడుకు గిట్ల మాట్లాడితె, ఆ వంట ఇంకెట్ల ఉండెనో!"

శేటు మాత్రం అరవలేదు. నెయ్యి గుడికి ఇచ్చేది ఆయనే. "మాంసం తిన్నడని నేను అనుమానం మాత్రమే పడ్డ," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు నమ్మకం కుదిరింది. లేకుంటే ఈ పోరడు ప్రసాదం మీదికి ఎందుకు తోస్తడు?"

మర్నాడు పొద్దున ఒక మనిషి వచ్చి, మా ఇంట్లో కొయ్యకు వేలాడుతున్న తాళంచెవి తీసుకుపోయాడు. అమ్మ అడ్డం పడలేదు. బాపు ఎడమచెయ్యి ఒకసారి లేచి పడింది.

తర్వాత పఠన మందిరంలో లేచి నా మాట వెనక్కి తీసుకుంటానన్నాను. ఈ వారం విషయం పంచవర్ష ప్రణాళిక, దాని మీద చెప్పేదేమన్నా ఉంటే చెప్పు అన్నారు. కమిటీకి నాలుగు అర్జీలు రాశాను. జవాబు రాలేదు. ఈలోగా ఆరోగ్యం పుస్తకం మిగతా ఫారాలు దుకాణానికి వచ్చాయి. పనంతా పక్కన పెట్టి ఆత్రంగా చదివాను. వాటిలో ఉన్నదంతా తొట్టి స్నానం గురించి. చల్లనీళ్లా, గోరువెచ్చనివా, ఎంతసేపు. మడిచి, కుట్టి, అట్ట వేశాను.

అయితే నిజం చెప్పుకోవాలి. శేటు వేసిన ముల్లు నాలోనూ దిగింది. అక్కడ ఒక స్నేహితుడున్నాడు సరే, ప్రతి శుక్రవారం బార్కస్‌లో బాపుకు ఏం పని? పేటలోకి జామకాయలు బండ్ల మీద వస్తాయి కదా? ఒకరోజు దుకాణం ఎగ్గొట్టి సైకిలెక్కాను. చాంద్రాయణగుట్ట దాటేటప్పుడు తిరిగిపోదామని కూడా అనుకున్నాను. తిరిగిపోలేదు.

బార్కస్‌లో జామతోట పెట్టుకున్న ఒక అరబ్బు ముసలాయన బాపుకు స్నేహితుడు. ఒకప్పుడు ఫౌజులో సిపాయిగా ఉండేవాడు. చిరిగిన పుస్తకాలు బైండింగుకు మా దుకాణానికే తెచ్చేవాడు, నేను చాచా అనేవాణ్ని. డెబ్బై దాటిన మనిషి, రోజూ మాంసం తింటాడు, నీళ్ల కుండలు తనే మోస్తాడు. నేను నసుగుతూ అడిగాను. బాపు మీ ఇంట్లో ఎప్పుడన్నా, పొరపాటున, ఏదన్నా...

చాచా మొహం ఎర్రబడింది. "తౌబా తౌబా! నీ బాపు నా దగ్గర నీళ్లు గూడ తాగలే రా. చెంబు తెచ్చుకునేటోడు. ఆ చెట్టు కింద కూసొని జామకాయ నేనే కోసిచ్చినా తీసుకోడు, తన చేత్తో తెంపుకునేటోడు. ఉప్పు గూడ ఇంట్లకెల్లే పొట్లం కట్టుకొచ్చేటోడు. వారానికొక్క ఘంటా ఎవ్వడూ ఏం వండమని అడగని జాగా కావాలె అనేటోడు. గంతే."

"మరి ఆయనకు ఎందుకొచ్చింది చాచా? నువ్వు రోజూ మాంసం తింటవు. నీకు రాలేదు."

చాచా నన్ను కూర్చోమని సైగ చేశాడు. "చూడు బేటా. మేమందరం ఒక్క పళ్లెం చుట్టూ కూసొని తింటం, అది మా రివాజ్. నా తమ్ముడు, నేను యాభై సాల్ ఒక్క పళ్లెంల తిన్నం. అటుకెల్లి వాడు, ఇటుకెల్లి నేను. నీ బాపుకు వచ్చిందే వానికీ వచ్చింది. చచ్చిపోయిండు. నాకు రాలే. పళ్లెం నడుమ ఏమన్న లకీర్ గీసి ఉన్నదా? నువ్వు చదువుకున్నోనివి, నువ్వు చెప్పు."

ఒళ్లో ఐదారు జామకాయలు పోసి పంపాడు. సైకిలు తొక్కుతూ దారి పొడుగునా లెక్క కట్టాను. మాంసమే కారణమైతే చాచా ఉండకూడదు. నెయ్యే కారణమైతే శేటు ఉండకూడదు. ఉప్పంటే, బాపు చేతి ఉప్పు ఊరంతా తిన్నది. ఆకుకూర తినకపోవడమంటే, నేనూ ఇష్టపడి తిన్నవాణ్ని కాదు. కూరగాయలు మంచివని డాక్టరూ ఒప్పుకున్నాడు, మరి మంచివైతే ఆపాలి కదా, ఆపకపోతే మంచివేంటి? ఇల్లు చేరేసరికి, బయలుదేరినప్పుడు తెలిసినంత కూడా తెలియకుండా పోయింది.

బాపుకు మాట రావడానికి ఏడెనిమిది నెలలు పట్టింది. ముందు నీళ్లు అన్నాడు, తర్వాత అమ్మను పిలిచాడు. నన్ను పిలవలేదు. ఆరగింపు గంట వినపడగానే ఆయన ఎడమచెయ్యి దానంతట అదే పిడికిలి పట్టి, కొద్దిగా వదిలేది. ఉప్పు కొలత.

ఒక మధ్యాహ్నం ఆ గంట మోగి ఆగాక, ఆయన పక్కన కూర్చున్నాను. చాచా చెప్పింది విన్నవాణ్ని. అడగాల్సిన అవసరమే లేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"బాపూ, నువ్వు ఒక్కసారన్నా తిన్నవా?"

మాటలు ఒక్కొక్కటే, నోటి ఒక పక్క నుంచి వచ్చాయి.

"తిన్ననంటే రోగమెందుకొచ్చిందో నీకు తెలుస్తది, నిమ్మళంగ కూసుంటవు. తినలేదంటే తెల్వక తిరుగుతవు. తినలేదు కొడుకా. తిరుగు."